మీసాల జిగురు పెట్టిన ఇంజన్

ఏందీ? ఈ సీన్ల మీ తాత నోటికి చెయ్యెందుకు అడ్డం పెట్టుకున్నడనా? హహ... ఎవలన్న అడుగుతరేమో అని ఇన్నేండ్లు చూసిన బిడ్డా, ఒక్కలు అడగలే. ఫోను జర ఇటు తిప్పు. ఆఁ, అగో, అదే. కాకీ బట్టలు, నెత్తిన టోపీ, బంగ్లా మెట్ల కాడ నిలబడ్డడు చూడు, మా బావ. మీ యాదగిరి తాత. నీకు ఏడాది నిండకముందే పాయె, నీకేం యాదికుంటది.

చూసినోళ్ళు ఏమనుకుంటరంటే, దొర ఇంటి డ్రైవరు గదా, దొరసాని ముంగట మర్యాదకు చెయ్యి అడ్డం పెట్టుకున్నడు అనుకుంటరు. అనుకోనీ. అసలు సంగతి మర్యాద కాదు, గ్యాస్కెట్. కారు ఇంజన్‌ల ఉంటదే, గా గ్యాస్కెట్. నవ్వకు శ్రావణీ, నిజమే చెప్తున్న. నువ్వు చాయ్ తాగుకుంట విను, నేను నాది చల్లారినంక తాగుత.

అప్పుడు కూడా మనం ఇక్కడే, ఫిలింనగర్ బస్తీల, ఈ జాగలనే. ఇల్లు ఇట్ల లేకుండె. రెండు అర్రలు, పైన రేకులు, వెనుక ఈ బండ. ఇప్పుడు సగం పగలగొట్టిండ్రు గని, అప్పుడు ఏనుగంత ఉంటుండె. పొద్దు వంగినంక దాని నీడ వాకిలంతా పడేది. ఒక అర్రల నేను, ఒక అర్రల అక్క, బావ, మీ నాయిన. మీ నాయిన అప్పుడు ఇంకా దోగాడుతుండె. జూబ్లీహిల్స్ అంటే ఇప్పుడు నువ్వు చూసే అద్దాల దుకాణాలు గాదు బిడ్డా. బండలు, సీతాఫలం చెట్లు, నడుమ నడుమ ఒక బంగ్లా. మద్రాసు కెల్లి సినిమావోళ్ళు ఒక్కొక్కలే దిగుతుండిరి. శ్రీనగర్ కాలనీల కిరాయికి ఇండ్లు దొరకకుంట అయినయి వాళ్ళతోని. చాయ్ బారానా. బారానా అంటే తెలుసా? ముప్పావల. అది కూడా తెల్వదా... సరే తియ్యి.

ఏడున్న? ఆఁ, కారు. నాది తెల్ల అంబాసిడర్. నేను పదో తరగతి తప్పినంక టోలిచౌకిల మా మేనమామ కాడ లారీల పని నేర్చుకున్న. ఆయన లారీలు అమ్మేసినంక ఈ పాత కారు తీసుకుని సినిమా కంపెనీలకు కిరాయికి తిప్పుతుంటి. హీరోలకు గాదు, అంత లేదు. మేకప్ పెట్టెలు, బట్టల మూటలు, టిఫిన్ డబ్బాలు. ఒక్కోసారి కారే ఆక్టింగ్ చేస్తుండె. నేను కెమెరాల పడలే, నా కారు పడ్డది, గట్లుండె నా నసీబు.

మీ తాతది వడ్ల పని, అదే వడ్రంగం. సెట్ల మీద సుత్తె కొట్టుడు. కట్టెతోని, అట్టతోని గోడలు లేపి రంగేస్తే అసలు దివాణం లెక్కనే కనిపిస్తుండె. మనిషేమో ఎప్పుడు చూసినా కెమెరా దిక్కే చూస్తుండె. మొల నోట్ల పెట్టుకుని, చెయ్యి సుత్తె మీద, కన్ను కెమెరా మీద. ఒకసారి బొటనేలు మీద కొట్టుకుంటే కూడా "అమ్మా" అని ఆర్టిస్టు లెక్క అన్నడంట. మా అక్క, అదే మీ నానమ్మ, చెప్పి చెప్పి నవ్వుతుండె.

ఎండాకాలం. జూబ్లీహిల్స్‌ల ఒక బంగ్లా తీసుకుని షూటింగ్ పెట్టిండ్రు. నా కారు జమీందారు కారు. డ్రైవరు ఏషం ఎవడో పిల్లగానికిచ్చిండ్రు, వానికి స్టీరింగ్ పట్టుడే రాదు. వెనుకకు తియ్యమంటే పూల కుండీల మీదికి ఎక్కిచ్చిండు. డైరెక్టరు గారు ఒకటే లొల్లి. "ఇక్కడ నిజంగా కారు నడపడం వచ్చినోడు ఒక్కడు లేడా?" అన్నడు. నేనేమో పక్కన్నే ఉన్న. నేను నోరు తెరిచేలోపల నిచ్చెన మీదికెల్లి "నాకొస్తది సార్!" అని ఒక కేక. ఎవలనుకున్నవ్? మీ తాత! నేర్పింది నేను. దిగి వచ్చింది ఆయన.

కాకీ బట్టలు తొడిగిండ్రు. తొడిగితే ఒక తకరారు. మా బావ అంతకుముందే యాదగిరిగుట్టకు పోయి మొక్కు తీర్చుకున్నడు. గుండు, గడ్డం, మీసం, అన్నీ స్వామికే. డైరెక్టరేమో "దివాణం డ్రైవరుకు మీసం లేకపోతే ఎట్లయ్యా" అన్నడు. నెత్తిన టోపీ పెట్టిండ్రు, మీసానికి మేకప్ చంద్రం గారిని పిలిచిండ్రు. చంద్రం గారు తెనాలి దిక్కు మనిషి, మద్రాసుల పని నేర్చిండు. మంచోడు, నోరే జర కారం. ఇంత లావు మీసం జిగురుతో అంటిచ్చిండు. ఆ రోజు కారు బంగ్లాల నుంచి పోయే షాట్ తీసిండ్రు. మాట లేదు, ఉత్తగ నడుపుడే. తీసినంక డైరెక్టరు బావను పిలిచి ఏమన్నడో తెలుసా? "సోమవారం కారు తిరిగొచ్చే సీను. నువ్వే దిగి మెట్ల కాడికి ఉరికొచ్చి ఒక మాట చెప్పాలి."

మాట! బిడ్డా, నీకు అర్థం కాదు. ఏండ్ల తరబడి సుత్తె చప్పుడు తప్ప వినబడని మనిషికి ఒక మాట ఇచ్చిండ్రు. "అమ్మగారూ, అయ్యగారు వచ్చేశారండీ. ఈసారి ఒంటరిగా రాలేదండీ." గంతే. ఆ కాగితం ముక్క జేబుల పెట్టుకుని ఇంటికి నడుచుకుంటనే వచ్చిండు, నా కారు ఎక్కలే. ఎక్కితే తొందరగ ఇల్లొస్తదంట, చదువుకునుడు అయితలేదంట. మీ నానమ్మ ఆ సాయంత్రానికే బస్తీల నల్ల కాడ నీళ్ళు పట్టేటోళ్ళందరికి చెప్పింది. మా అమ్మకు కూడా కబురు పోయింది. "అల్లుడు సినిమాల మాట్లాడుతున్నడంట, నేను వస్త" అని ముసల్ది తయారు.

ఇగ శనివారం. "బామ్మర్దీ, జర కారు ఇయ్యరాదే, సోమవారం నాడు మెట్ల కాడ సరిగ్గ ఆపాలె గదా" అన్నడు. ఇచ్చిన. ఎందుకియ్య? ఆయన మన గుట్ట కాడి ఎత్తు రోడ్డు ఎక్కుడు, ఒక బండ కాడ బ్రేకు కొట్టుడు, దిగి ఉరుకుడు, ఆ బండకు దండం పెట్టి "అమ్మగారూ" అనుడు, మళ్ళ వెనుకకు దిగుడు. మళ్ళ ఎక్కుడు. మిట్టమధ్యాహ్నం ఎండ, మొదటి గేరు, ఎత్తు రోడ్డు. రేడియేటర్‌ల నీళ్ళున్నయా అని చూడాలె గదా? ఆయన కండ్లకు అమ్మగారు తప్ప ఏం కనిపిస్తలేదు.

నలుగురు నూక్కుంట తెచ్చిండ్రు కారును. బానెట్ కెల్లి పొగలు. మా బావ ముఖం చూస్తే, కారు కన్నా ఆయనకే ఎక్కువ ఆవిరి వస్తున్నట్టుండె. నేను చల్లారనిచ్చి ఆయిల్ పుల్ల గుంజి చూసిన. పుల్ల మీద ఆయిలు నల్లగ ఉండాలె, చాయ్ రంగుకు వచ్చింది. అంటే నీళ్ళు ఆయిల్‌ల కలిసినయన్నట్టు. హెడ్ గ్యాస్కెట్ పోయింది.

గ్యాస్కెట్ అంటే నీకు చెప్పాలె. ఇంజన్ అంటే కింద ఒక దిమ్మ, పైన ఒక మూత. మూతనే హెడ్ అంటరు. రెండూ ఇనుమే, ఎంత బిగిచ్చినా నడుమ సందు ఉంటది. ఆ సందుల రేకు లెక్క పలుచగ ఒకటి పెడ్తరు, నీళ్ళ తోవకు నీళ్ళు, ఆయిల్ తోవకు ఆయిలు, మంట జాగల మంట, ఒకదాంట్ల ఒకటి పోకుంట. మన ఇంట్ల మీ నానమ్మ లెక్క అనుకో. ఆమె లేకుంటే నేనూ మీ తాత ఎన్నడో కలగాపులగం అయిపోతుంటిమి.

కంపెనీ మేనేజరు కాడికి పోయి చెప్పినం. ఆయన బెజవాడ మనిషి, మాట మెత్తగనే ఉంటది గని... "చూడు నరసింహా, వెళ్ళింది ఈ కారు. వచ్చేది ఇంకో కారైతే జనం నవ్వుతారు. బంగ్లా మనకి సోమవారంతో ఆఖరు. కారు రాలేదనుకో, లోపల ఫోన్ మోగించి, అయ్యగారు వస్తున్నారట అని వంటమనిషితో చెప్పించేస్తా. నాకేం పోయింది?" అన్నడు. మా బావ ఆ కాగితం ముక్క జేబుల్నుంచి తీసి, మళ్ళ జేబుల్నే పెట్టుకున్నడు. అది చూసినంక నాకే మనసున పట్టలే. "ఆదివారం ఉన్నది గదా బావా, ఇంటికాడనే ఇప్పుదాం పా" అన్న.

రాణిగంజ్ దుకాణాలు మూసేలోపల పోయి హెడ్ గ్యాస్కెట్ తెచ్చినం. ఆదివారం పొద్దున్నే బండ పక్కకు కారును నూకి మొదలుపెట్టినం. నీళ్ళు దింపినం, పైపులు పీకినం, కార్బొరేటర్ ఇప్పినం. వాల్వులకు పుల్లలుంటయి పొడుగ్గ, ఏది ఏ జాగలున్నదో మళ్ళ ఆ జాగలనే పోవాలె. మీ నానమ్మ కొత్త చెప్పుల డబ్బాకు బొక్కలు పొడిచి వరుసగ గుచ్చిన. "నా డబ్బా!" అని ఆమె. "నీ మొగని డైలాగు గావాల్నా, డబ్బా గావాల్నా?" అంటే మూతి తిప్పుకుని పోయి, మళ్ళ తనే పాత గుడ్డలు తెచ్చిచ్చింది తుడవనీకి.

హెడ్ లేపినం. పాత గ్యాస్కెట్ రెండు సిలిండర్ల నడుమ కాలి తెగింది, ఇగో గింత. బావ దాన్ని పట్టుకుని "గింత దానికి గంత లొల్లా" అన్నడు. మరి! గోకి, పెట్రోల్‌తోని కడిగి, అద్దం లెక్క చేసినం. కొత్తది పెట్టినం. ఇగ నట్లు. నట్లు ఎట్ల బడితే అట్ల బిగిస్తే హెడ్ వంగుతది. నడుమ కెల్లి మొదలుపెట్టి, చుట్టు తిరుక్కుంట, ఒక్కోదాన్ని జర జర, మళ్ళ నడుమకు వచ్చి మళ్ళ జర. సబర్ పని, ఓపిక గావాలె. నేను జాగ చూపిస్తున్న, బావ పానా గుంజుతుండు. వడ్లోని చెయ్యి గదా, గట్టి చెయ్యి. గుంజినప్పుడల్లా ఏమంటుండో తెలుసా? "అమ్మగారూ!" ఇంకో నట్టు. "అయ్యగారు వచ్చేశారండీ!" ఇంకోటి. "ఈసారి ఒంటరిగా... రాలేదండీ!"

మా గోడకవతల సుబ్బలక్ష్మి గారు ఉంటుండిరి. వాళ్ళాయన సినిమాల బట్టల డిపార్ట్‌మెంటు, గుడివాడోళ్ళు. ఆమె గోడ మీద మోచేతులు ఆనిచ్చి చూస్తున్నది. "యాదగిరి గారూ, అండీ అనేది అంత బరువుగా కాదండీ. మీరు నట్టు బిగించినట్టు అంటున్నారు."

"నట్టే బిగిస్తున్న గదమ్మా!"

"అయినా సరే. అండీ అన్నప్పుడు గాలి వదిలేయాలి. ఇదిగో, వచ్చేశారండీ... చూశారా, ఎంత తేలికో."

"మీకేంది, పుట్టినకాడికెల్లి అంటనే ఉన్నరు. మాకు నోరు తిరగాలె గదా."

"ఇంకో నట్టు ఉందిగా, అనండి."

గట్ల, నట్టు నట్టుకు ఆమె దిద్దుతున్నది, ఈయన అంటుండు. మీ నానమ్మ కొంగు నోట్ల పెట్టుకుని నవ్వుడు.

అంతా అయింది, ఒక్కటి మిగిలింది. హెడ్ మీద నీళ్ళు బయటికొచ్చే మూతి ఉంటది. దాని కింద కాగితం గ్యాస్కెట్. ఇప్పేటప్పుడు అది చినిగింది. కొత్తది తెచ్చుడు మరిచిపోయినం. కాగితం పెద్ద కష్టం గాదు, మందం అట్ట ఉంటే చాలు. మూతిని అట్ట మీద ఆనిచ్చి, అంచుల మీద సుత్తెతో తడితే ఆకారం పడ్తది, కోసుకునుడే. మందం అట్ట ఏడున్నది? మీ నానమ్మ పెట్టెల. వాళ్ళ లగ్గం పత్రిక ఒకటి దాచుకున్నది, పసుపు పెట్టింది. బావ మెల్లగ తెచ్చి కోసేసిండు! అక్క చూసే వరకు వాళ్ళిద్దరి పేర్లల్ల సగం గుండ్రంగ కోసిన ముక్క మీద, సగం కింద. ఎంత తిట్టిందనుకున్నవ్! "నా లగ్గం ఇంజన్‌ల పెడ్తవా!" అని. ఈయన ఏమన్నడంటే, "ఇంజన్‌ల ఉంటే గట్టిగ ఉంటది, పెట్టెల ఉంటే చెదలు పడ్తది." అట్లాంటి మాటలు మస్తు వస్తుండె ఆయనకు, కెమెరా లేనప్పుడు.

అట్ట అయింది, దానికి పూసేటందుకు లక్క జిగురు గావాలె, షెల్లాక్ అంటరు. అది లేకుంటే నీళ్ళు కారుతయి. ఆదివారం, దుకాణాలన్నీ బంద్. మధురానగర్‌ల నాకు తెలిసిన మేస్త్రీ ఇంటికి పోయిన, ఆయన పెండ్లికి పోయిండు. నేను ఖాళీ చేతులతోని వచ్చే వరకు బావ చిన్న సీసా పట్టుకుని కూసున్నడు, ముఖం వెలిగిపోతున్నది.

"ఏంది బావా అది?"

"మీసాల జిగురు. చంద్రం గారి కాడికెల్లి తెచ్చిన."

"నీకేమన్న పిచ్చా? మనిషి మూతికి పెట్టేది ఇంజన్ మూతికా?"

"అరె, విను. చంద్రం గారే చెప్పిండు, ఇది నీళ్ళకు కరగది, చెమటకు కరగది, స్పిరిట్‌కే కరుగుతది అని. వాన ఫైటింగుల్ల కూడా మీసం ఊడది. ఇది ఆపకపోతే ఇంకేది ఆపుతది?"

నేను వాసన చూసిన. బంక వాసన, స్పిరిట్ వాసన, లక్క జిగురు లెక్కనే ఉన్నది. సరే కానీ అన్న. నేను జర పూస్తే చాలన్న గని, ఆయన ఊకుంటడా? అటు పొర, ఇటు పొర, ఎండినంక మళ్ళ పొర. పెయింట్ ఏసినట్టే ఏసిండు. సీసా అడుగుకు వచ్చింది. మనసంతా అండ్లనే ఉండె ఆయనది, ఒక చుక్క నీళ్ళు కారితే తన మాట కారిపోతదన్నట్టు.

పొద్దు గూకే ముందు కొత్త ఆయిల్ పోసి, నీళ్ళు నింపి, తాళం తిప్పిన. ఒకటి రెండు సార్లు దగ్గింది, మూడోసారి అందుకున్నది. ఆ చప్పుడు బిడ్డా! బస్తీల పిల్లలందరు ఉరికొచ్చిండ్రు. వేడెక్కినంక చూసినం, హెడ్ కాడ చెమ్మ లేదు, మూతి కాడ చుక్క లేదు. ఇంజన్ కెల్లి మాత్రం మేకప్ రూము వాసన గుప్పుమన్నది. సుబ్బలక్ష్మి గారు గోడ మీదికెల్లి "మీ కారు షూటింగుకి తయారైందండీ" అన్నది.

ఇగ సోమవారం. కారు బంగ్లాకు చేరింది, మేనేజరు బొటనేలు లేపిండు. బావ మేకప్‌కు కూసున్నడు. చంద్రం గారు సీసా తెరిచి లోపలికి చూసి, తలకిందులు చేసి, మళ్ళ చూసిండు.

"ఏంటయ్యా ఇది? ఒక బొట్టు కావాలని తీసుకెళ్ళి సీసా ఊడ్చేశావు?"

"ఇంజన్‌కు జర ఎక్కువ పట్టిందండీ..."

"కారుకి మీసం మొలిపిద్దామనుకున్నావా? కొత్త సీసా మద్రాసు నుంచి రావాలి! నీ మీసం దేంతో అంటించను, అన్నం మెతుకులతోనా?"

అడుగున గట్టిపడ్డది పుల్లతోని గోకి, ఎట్లనో అంటిచ్చిండు. "నవ్వకు, మూతి కదపకు, వీలైతే ఊపిరి కూడా ముక్కుతో వదలకు" అన్నడు. మూతి కదపకుంట మాట ఎట్ల చెప్పాలె?

షాట్. కెమెరా తిరుగుతున్నది. నా కారు మెత్తగ వచ్చి మెట్ల కాడ ఆగింది. పూల కుండీలు భద్రం. బావ దిగిండు, ఉరికిండు. ఎండ, చెమట, ఉరుకుడు... ఎడమ పక్క మీసం కొస లేచింది. నేను లైట్ల వెనుక నిలబడి చూస్తున్న. చంద్రం గారు కండ్లు మూసుకున్నడు. ఊడి పడ్డదనుకో, "ఆపు, వంటమనిషిని పిలు" అంటరు, మాట పోతది. బావకు కూడా తెలిసింది. మూతి మీద మీసం కదిలితే తెల్వదా మరి. ఒక్కసారి ఏమయిందో ఏమో, కుడి చెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది. మీసాన్ని వేళ్ళతోని అదిమి పట్టి, నడుము వంచి, "అమ్మగారూ..." అన్నడు. మొత్తం అన్నడు. ఒక్క మాట తప్పలే.

"కట్!"

డైరెక్టరు గారు కుర్చీల నుంచి లేచి దగ్గరికి వచ్చిండు. "ఆ చెయ్యి పెట్టమని నీకు ఎవరు చెప్పారు?" బావ చెయ్యి దింపుతలేడు. దింపితే మీసం దిగుతది. "ఎవరూ... చెప్పలేదండీ" అన్నడు వేళ్ళ సందుల నుంచి.

"పాత దివాణాల్లో అచ్చం ఇలాగే నిలబడేవాళ్ళయ్యా. నేను చెప్పడం మర్చిపోయా, నువ్వు గుర్తు పెట్టుకున్నావు. ఓకే!"

చంద్రం గారు ఆకాశం దిక్కు చూసి దండం పెట్టిండు.

ఇంకా ఉన్నది, ఆగు. అప్పుడు సెట్ల మాటలు రికార్డు చెయ్యరు, అన్నీ తర్వాత డబ్బింగే. చిన్న ఏషాలకు ఎవలో డబ్బింగ్ ఆర్టిస్టు చెప్తడు. అందుల మన యాస, ఎవడు చెప్పనిస్తడు? అయితే పెదవులు కనిపిస్తలేవు గదా, చెయ్యి అడ్డం ఉన్నది. "ఎవరు చెప్పినా అతుకుతుంది సార్" అన్నడంట అసిస్టెంటు. డైరెక్టరేమో, "అయితే ఆ మనిషినే పిలవండి. ఉరికొచ్చినోడి ఆయాసం ఉంది వాడి 'అండీ'లో, అది నాకు కావాలి" అన్నడంట. ఆ ఆయాసం ఏందో నీకు తెలుసు, నాకు తెలుసు. నట్టు బిగిచ్చిన ఆయాసం! సుబ్బలక్ష్మి గారు ఎంత దిద్దినా పోలే అది.

సినిమా వచ్చినంక మా అమ్మను, బస్తీని అందరిని తీసుకుని పోయినం. సీను వచ్చింది, పోయింది. మీ నానమ్మ బయటికి వచ్చి "ముఖం సగమే చూపిచ్చిండ్రు" అని అలిగింది. జర దూరం నడిచినంక, "గొంతు మాత్రం పూర్తిగ ఆయనదే" అన్నది. ఇంకో మాట ఎవ్వరియ్యలే ఆయనకు తర్వాత. మళ్ళ సుత్తె పట్టిండు. ఎన్నడన్న బాధపడ్డవా అంటే, "ఒకటి చెప్పిన గదా" అనేటోడు. కారు నేను అమ్మేనాటికి కూడా ఆ మూతి కాడ చుక్క కారలే. వాళ్ళ లగ్గం పత్రిక ముక్క దాంతోనే పోయింది, ఏడ తిరుగుతున్నదో, ఉన్నదో లేదో...

నీది ఎడిటింగ్ పని గదా బిడ్డా, ఇట్లాంటి చిన్న ఏషాలోళ్ళ మాటలు వస్తే జర చూసి కోయి. సల్లగుండు. ఏమన్నవ్, మళ్ళ పెట్టాల్నా? పెట్టు పెట్టు. అగో, విన్నవా, వంటింట్ల గిన్నెల చప్పుడు ఆగింది. మీ నానమ్మకు ఇప్పుడు చెవులు తక్కువ. సౌండు జర పెంచు...